పొద్దున్నే నోళ్లు తెరిచే చేపలు అడిగేది మేత కాదు

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మా నాన్నగారి పొలంలో పది గుంటల కుంట ఉంది. నల్లరేగడి నేల కాబట్టి అడుగున ప్లాస్టిక్ షీట్ వేయకపోయినా నీళ్లు నిలుస్తాయి. లోతు ఐదడుగుల దాకా ఉంటుంది. కిందటి సెప్టెంబరులో బొచ్చె, రవ్వ, బంగారు తీగ కలిపి 1500 పిల్లలు వదిలాం. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, ఆదివారాలే వెళ్లడం కుదురుతుంది. తోట చూసుకునే పెద్దాయన డిసెంబరు నుంచి రోజూ పొద్దున ఆరింటికల్లా పది కిలోల తేలే మేత వేస్తున్నాడు. ఆ వేళకు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, పాపం ఆకలేమోనని ఈమధ్య ఇంకో రెండు కిలోలు పెంచాడు. ఆదివారం పిల్లలు బ్రెడ్డు, మిగిలిన బిర్యానీ వేస్తారు. ఇంత వేసినా చేప పావు కిలో దాటలేదు. నీళ్లు ముదురు ఆకుపచ్చ రంగుకు వచ్చాయి. మొన్న అకాల వర్షం పడిన మర్నాడు పన్నెండు చేపలు చచ్చి తేలాయి. వండితే మట్టి వాసన. పక్క పొలం ఆయన చికెన్ షాపు వ్యర్థాలు వేస్తే తొందరగా పెరుగుతాయంటున్నాడు. మేత ఏది వేయాలి, ఎంత వేయాలి? కొర్రమీను కూడా వదలొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం:

అమ్మా, మిగతాది చదివే ముందు పెద్దాయనకు ఫోన్ చేసి, రేపటి నుంచి మూడు రోజులు మేత పూర్తిగా ఆపేయమని చెప్పండి. చేపలు మాడిపోతాయని భయం వద్దు. బొచ్చె, రవ్వ, బంగారు తీగ మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. పైగా మీ కుంట నీళ్లలో ఇప్పుడు తిండికి కొదవ లేదు. లేనిది ఆక్సిజన్.

పొద్దున ఆరింటికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం ఆకలితో కాదు, ఊపిరాడక. నీళ్లలోని పచ్చదనం, అంటే కంటికి విడిగా కనిపించనంత సన్నని నాచు, పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పచ్చదనం తిరిగి ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. చేపలూ వాడుకుంటాయి. అడుగున కుళ్లుతున్న మేత కూడా వాడుకుంటుంది. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా ఉంటుంది. మూడుకు దిగితే ఇబ్బంది మొదలవుతుంది. ఇంకా పడిపోతే పైకొచ్చి, గాలి తగిలే పలుచటి పై పొరలో నీళ్లను నోటితో లాగుతుంది. పెద్దాయన చూస్తున్నది అదే. ఆయనకు చేపల మీద ప్రేమ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఊపిరి ఆడక వచ్చిన వాటి మీద మేత చల్లడంతో అది సగం తినకుండానే మునిగి, మరుసటి రాత్రి ఆక్సిజన్‌ను ఇంకాస్త లాగేస్తోంది. అలా రోజురోజుకూ ఎక్కువ చేపలు తేలాయి, ఆయన ఎక్కువ మేత వేశాడు.

ఆకలికీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి, వెలుగు వచ్చే వేళకు గట్టు మీద ఉండండి. గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. ఆకలితో తిరుగుతున్న చేప చటుక్కున మునిగిపోతుంది. ఊపిరాడని చేప మునగదు. మునిగినా క్షణంలో మళ్లీ పైకి వస్తుంది. ఆకలైనవి మేత వేసే మూలకే గుమిగూడతాయి. ఊపిరాడనివి కుంటంతా పరుచుకుని, గట్ల వెంబడి, బోరు నీళ్లు పడే చోట మూతులు పైకెత్తి ఉంటాయి. పొద్దెక్కి ఎనిమిది, తొమ్మిది అయ్యేసరికి వాటంతట అవే కిందికి వెళ్లిపోతే ఇక సందేహం అక్కర్లేదు. ఎండ వచ్చి నీళ్లలో ఆక్సిజన్ పెరిగింది, అంతే.

వాన మర్నాడు పన్నెండు చేపలు పోవడం కూడా ఇందులో భాగమే. మబ్బు పట్టిన రోజు ఎండ లేక పచ్చదనం ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయలేదు. రాత్రి ఖర్చు మాత్రం ఎప్పటిలాగే ఉంది. దానికి తోడు చల్లటి వాన నీళ్లు పడి పై నీరు చల్లబడి కిందికి దిగితే, అడుగున పేరుకున్న చెడు నీరు పైకి కలుస్తుంది. ఆ రోజు కూడా పన్నెండు కిలోల మేత పడే ఉంటుంది. ఇక ముందు మబ్బు పట్టిన రోజు మేత వేయొద్దని పెద్దాయనకు గట్టిగా చెప్పండి. ఈ ఒక్క మాట పాటిస్తే చాలా చావులు తప్పుతాయి.

మళ్లీ ఎప్పుడైనా తెల్లవారుజామున చేపలు అలా తేలితే మోటారు వేయమనండి. అయితే బోరు పైపును నీళ్లలో ముంచి వదిలితే లాభం లేదు. బోరు నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ. పైపును ఎత్తున కట్టి, నీళ్లు తుంపరగా గాలిలో చెదిరి పడేలా చేయాలి. కుంట నీళ్లనే చిన్న మోటారుతో తోడి మళ్లీ కుంటలోకే చిమ్మినా మంచిదే. కరెంటు లేకపోతే ఇద్దరు దిగి వెదురు కర్రలతో నీళ్లను బాదడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. దుకాణాల్లో దొరికే ఆక్సిజన్ బిళ్లలు ఆ పూటకు గండం గట్టెక్కిస్తాయి. రోజూ వాటి మీద ఆధారపడే పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం: ఎంత వేయాలి?

అందరూ చేప బరువును బట్టి లెక్క చెబుతారు. ఆ లెక్క నేనూ చెబుతాను. కానీ దానికంటే ముందు కుంట లెక్క ఒకటుంది, దాన్నే చాలామంది వదిలేస్తారు. ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) లేని కుంట రోజుకు హెక్టారుకు ముప్పై నుంచి నలభై కిలోల మేతను మాత్రమే అరిగించుకోగలదు. అది దాటితే నీళ్లు పాడవడం మొదలవుతుంది. మీ పది గుంటలంటే పావు ఎకరం, దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతు. మీ కుంట హద్దు రోజుకు మూడు నుంచి నాలుగు కిలోలు. మీరు వేస్తున్నది పన్నెండు. చేపలు ఎన్ని ఉన్నా, ఎంత ఆకలిగా ఉన్నా ఈ హద్దు మారదు.

ఇక చేప లెక్క. 1500 పిల్లలు వదిలితే అన్నీ బతకవు. కొంగలు, నీటి కాకులు, పాములు, రవాణాలో నలిగినవి పోగా వందకు డెబ్బై మిగిలాయనుకుంటే వెయ్యి పైచిలుకు ఉంటాయి. ఒక్కోటి పావు కిలో చొప్పున రెండున్నర క్వింటాళ్ల పైమాటే. చిన్న పిల్లగా ఉన్నప్పుడు చేప బరువులో నూటికి ఐదు వంతుల మేత రోజూ పెడతాం. వంద గ్రాములు దాటాక మూడు వంతులు, పావు కిలో దగ్గర రెండు, అర కిలో దాటితే ఒకటిన్నర చాలు. మీ చేపలకు రెండు వంతుల చొప్పున రోజుకు ఐదు కిలోలు పైనే కావాలి. కుంట తట్టుకునేది మూడు, నాలుగు. మీ కుంటలో ఉన్న చిక్కు మేతది కాదమ్మా, సంఖ్యది. పది గుంటలకు ఏరేటర్ లేకుండా ఐదు, ఆరు వందల పిల్లలు వేయాలి. 1500 వేశారు.

ఇంత మేత వేసినా పెరగకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. డిసెంబరు నుంచి మూడు నెలలు రోజుకు పది కిలోలు అనుకున్నా తొమ్మిది క్వింటాళ్ల మేత పడింది. మంచి గుళికల మేత కిలోన్నర నుంచి రెండు కిలోలు తింటే కిలో చేప రావాలి. మీ కుంటలో మొత్తం చేపే రెండున్నర క్వింటాళ్లు. ఆక్సిజన్ తక్కువైన చేప సరిగ్గా తినదు, తిన్నది ఒంటికి పట్టదు. పైగా మీరు పెంచింది చలికాలంలో. నీళ్లు ఇరవై ఎనిమిది డిగ్రీల చుట్టూ ఉన్నప్పుడు ఈ చేపలు బాగా తింటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చేవెళ్ల వైపు రాత్రుళ్లు ఎలా వణికిస్తాయో మీకు తెలుసు. ఐదడుగుల నీళ్లు తొందరగానే చల్లబడతాయి. అప్పుడు మేత సగానికి తగ్గించాల్సింది.

కాబట్టి చేపల్ని తగ్గించండి. నాలుగు వందల దాకా ఇప్పుడే తీసేయండి. మిగిలిన ఆరేడు వందలకు రోజుకు మూడు కిలోల చిల్లర సరిపోతుంది, అది కుంట హద్దులోనే ఉంటుంది. వల వేసేది తెల్లవారుజామున కాదు. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య వేయించండి. అప్పటికి చేపకు కాస్త ఊపిరి వస్తుంది, ఎండ ఇంకా ముదరదు. ముందు రోజు మేత పెట్టొద్దు. కడుపు నిండా తిన్న చేప వలలో తొందరగా చస్తుంది. పెద్ద పెద్ద బంగారు తీగలుంటే మొదట వాటిని తీయండి. బొచ్చె, రవ్వ నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. బంగారు తీగ మాత్రం కుంటలోనే గట్టు పక్క గడ్డికి గుడ్లు అంటించి పిల్లల్ని చేస్తుంది. మీ 1500కు ఈపాటికి కొన్ని కొత్తవి కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు. పావు కిలో చేపకు మార్కెట్లో పెద్ద ధర రాదు, ఆ సంగతి ముందే చెబుతున్నా. నీళ్లున్న కుంట ఉన్న రైతులెవరైనా దగ్గర్లో ఉంటే వాళ్లకు బతికుండగా ఇవ్వండి. పావు కిలో దాకా పెరిగిన ఇలాంటి పెద్ద పిల్లలు వాళ్లకు ఎంతో ఉపయోగం.

మిగిలినవి జూన్ నాటికి అర కిలో దగ్గరకు వస్తే మళ్లీ అదే చిక్కు వస్తుంది, బరువు రెట్టింపవుతుంది కదా. అప్పుడు మృగశిర కార్తె ఉంది. ఆ రోజు రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో ఎంత జనం ఉంటారో మీరు చూసే ఉంటారు. ఆ వారం అమ్మకానికి ఇంకో విడత తీసేస్తే ధర కూడా కలిసొస్తుంది. తీయడం ఇష్టం లేకపోతే ఒక హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరేటర్ పెట్టించండి. మీ కుంటకు ఒకటి చాలు. అది పగలు తిప్పాల్సిన పని లేదు. రాత్రి పన్నెండు నుంచి పొద్దెక్కేదాకా తిరగాలి. పెట్టించే ముందు రాత్రి కరెంటు నమ్మకంగా ఉంటుందో లేదో చూసుకోండి. ఏరేటర్‌ను నమ్ముకుని చేపల్ని నింపాక ఒక్క రాత్రి అది ఆగితే కుంటంతా పోతుంది.

మూడు రోజులు గడిచాక మేత మళ్లీ మొదలుపెట్టే ముందు మోచేతి పరీక్ష చేయండి. కుంటలోకి రెండడుగులు దిగి, నీళ్లు తేరుకున్నాక, చేతిని నిలువుగా, అరచేయి పైకి మడిచి ముంచండి. మోచేయి మునిగే వేళకు అరచేయి కనిపించకుండా పోతే పచ్చదనం సరిగ్గా ఉన్నట్టు. మణికట్టు దాటిన కాసేపటికే అరచేయి మాయమైతే నీళ్లు మరీ చిక్కబడ్డాయి, మేత ఇంకా ఆపాలి. మోచేయి దాటి భుజం దాకా ముంచినా అరచేయి కనిపిస్తుంటే నీళ్లలో సహజ తిండి లేనట్టు. అప్పుడు పేడ వేయాలి. మీ కుంటకు ఇప్పుడు పేడ గానీ ఎరువు గానీ పిడికెడు కూడా వేయకండి. దానికి బదులు అడుగు నీళ్లను తోడి తోటకు పెట్టండి. ఫుట్‌వాల్వ్ (మోటారు నీళ్లు పీల్చే పైపు చివర) అడుగుకు దగ్గరగా ఉండాలి. బురద మాత్రం లాగకూడదు. జామకు, కూరగాయలకు ఆ నీళ్లు మంచి బలం. అలా అడుగు లోతు తీసి, అంతే కొత్త నీళ్లు నింపండి. వారం ఆగి ఇంకోసారి. ఎండలు ముదిరితే ఆవిరికే నెలకు ముప్పావు అడుగు దాకా పోతుంది కాబట్టి ఐదడుగుల మట్టం తగ్గకుండా చూడమని పెద్దాయనకు చెప్పండి. నీళ్లు తగ్గేకొద్దీ అవే చేపలు తక్కువ నీళ్లలో ఇరుక్కుంటాయి.

మేత వేళను కూడా మార్చాలి. పొద్దున తొమ్మిదికి సగం, మధ్యాహ్నం మూడున్నరకు సగం. సాయంత్రం ఐదు దాటాక ఏమీ వేయొద్దు. తిన్నాక చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఆ అవసరాన్ని పగటిలోకి నెట్టాలి గానీ రాత్రిలోకి కాదు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు వేస్తే నాలుగైదు రోజుల్లో చేపలు అలవాటు పడతాయి. తేలే మేత గాలికి గట్టు వైపు కొట్టుకుపోయి గడ్డిలో ఇరుక్కుంటుంది. అరంగుళం పీవీసీ పైపుతో నాలుగడుగుల చదరం చేసి, మూలలు నీళ్లు చొరకుండా అంటించి, రెండు తాళ్లతో కుంటలో కట్టండి. మేత అందులోనే వేయాలి. అప్పుడు పెద్దాయనకు ఎంత తిన్నాయో కళ్ల ముందు కనిపిస్తుంది. పావు గంట, ఇరవై నిమిషాల్లో ఖాళీ అయితే ఆ కొలత సరిపోయింది. గుళికలు మెత్తబడి ఉబ్బి మిగిలి ఉంటే మరుసటి పూట అంత తగ్గించాలి. మిగలలేదని మరో దోసెడు వేయకూడదు. మూడు కిలోల దగ్గర మొదలుపెట్టి, నాలుగు దాటకుండా చూడండి. డబ్బాతో కొలిచి వేసే అలవాటు చేయించండి. దోసిళ్ల లెక్క నెల తిరిగేసరికి రెట్టింపు అవుతుంది.

నెలకోసారి విసురు వలతో పాతిక ముప్పై చేపలు పట్టి, బకెట్‌లో తూచి, సగటు కట్టండి. మేత వేసే చోట వల విసరకండి. అక్కడికి బలమైన చేపలే ముందొస్తాయి, లెక్క తప్పుతుంది. వేరువేరు మూలల్లో విసరాలి.

గుళికల మేతే కొనాలా అంటే, కొనాలనేం లేదు. ఖర్చు తగ్గాలంటే నూనె తీసిన తవుడు, పల్లి చెక్క సమపాళ్లలో కలిపి వాడొచ్చు. ఈ చేపలకు తరతరాలుగా పెడుతున్న మేత ఇది. చెక్కను ముందు రాత్రి నానబెట్టి, పొద్దున తవుడుతో కలిపి, చేతిలో నిలిచే ముద్దలా చేయాలి. ముద్దల్ని నీళ్లలోకి విసిరితే సగం బురదపాలే. కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేరు చుట్టుపక్కల రైతులు మేతను సంచుల్లో నింపి, సంచి కింది భాగంలో చిల్లులు పొడిచి, కర్రలకు వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లును నోటితో లాగితే కావలసినంతే బయటికి వస్తుంది, మిగతాది సంచిలోనే ఉంటుంది. చిన్న కుంటకు దీన్ని మించిన పద్ధతి లేదని నా నమ్మకం. ఖాళీ మేత సంచుల్ని ఉతికి వాడుకోండి. ఎరువు, పురుగు మందు సంచులు మాత్రం ఎంత కడిగినా వద్దు. రెండు గంటల తర్వాత సంచి పైకి తీసి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. మిగిలినది పారేసి, సంచిని ఎండలో ఆరేయాలి. రేపటికి అదే పనికొస్తుందని ఉంచితే పులిసిపోతుంది. ఏ మేతైనా నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టండి. వానాకాలంలో పల్లి చెక్కకు బూజు త్వరగా పడుతుంది. ముక్కిపోయిన వాసన వచ్చిన చెక్క చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎంత డబ్బు పోసి కొన్నా పారేయాల్సిందే.

ఈ మేతల్లో మీ బొచ్చె వాటా కొంచెమే. అది పెద్ద నోటితో నీళ్లను మింగి, అందులో తేలే సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తింటుంది. రవ్వ నడిమి నీళ్లలో మేస్తుంది. బంగారు తీగ అడుగు బురదను తవ్వుతుంది. నీళ్ల పచ్చదనం సరైన పాళ్లలో ఉంటే తిండిలో మంచి భాగం ఖర్చు లేకుండా దొరుకుతుంది, పైన మనం పెట్టేది దానికి తోడు మాత్రమే. షీట్ వేసిన కుంటలున్న వాళ్లకు ఈ సౌకర్యం తక్కువ. బురద లేదు కాబట్టి అడుగున తినే చేపకు సహజ తిండి దొరకదు. మీది మట్టి కుంట కావడం అదృష్టం.

ఆదివారం బ్రెడ్డు, బిర్యానీ సంగతి. పిల్లల్ని ఆపమని చెప్పడం నాకు ఇష్టం లేదు. చేపలు చేతి దగ్గరకు వచ్చి తింటుంటే వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో నాకు తెలుసు, ఆ సంతోషం కోసమే కదా మీ నాన్నగారి కుంటను నిలబెట్టుకుంటున్నారు. పెద్దాయన డబ్బాలోంచి ఆ పూట మేతను పిల్లల చేతికే ఇవ్వండి, వాళ్లే వేస్తారు. బిర్యానీ మాత్రం ఒక్క మెతుకు కూడా వద్దు. నూనె నీళ్ల మీద పొరగా పరుచుకుని గాలిని అడ్డుకుంటుంది, మెతుకులు అడుగున పులుస్తాయి. బ్రెడ్డులో పిండే తప్ప చేపకు కావలసిన మాంసకృత్తులు పెద్దగా లేవు. పిల్లలకు ఇంకో సరదా కావాలంటే వచ్చే ఏడాది ఇరవై, ముప్పై గడ్డి చేపలు వేయండి. తోటకూర, కోసిన లేత నేపియర్ గడ్డి తెచ్చి వేస్తుంటే అవి తీగలు లాగినట్టు నీళ్లలోకి లాక్కుపోతాయి.

మట్టి వాసన కూడా ఎక్కువ మేత తెచ్చిన చిక్కే. మేతలోని భాస్వరం, నత్రజని నీళ్లలో చేరితే నీలి ఆకుపచ్చ పాచి పెరుగుతుంది. మధ్యాహ్నం గాలి కొట్టే వైపు మూలలో రంగు కలిపినట్టు పేరుకునేది అదే. ఆ పాచి విడిచే జియోస్మిన్ అనే పదార్థం చేప కొవ్వులోకి చేరుతుంది. మీరు చేపను ఎంత ఉప్పేసి తోమినా పోదు, అది చర్మం మీద ఉండదు. పులుపుకు మాత్రం కొంత విరుగుతుంది. అందుకే చింతపండు పులుసులో తక్కువగా తెలుస్తుంది, వేపుడులో బయటపడుతుంది. తినాలనుకున్న చేపల్ని మూడు, నాలుగు రోజుల ముందే పట్టి, శుభ్రమైన నీళ్లున్న తొట్టిలో, నీరు మారుతూ ఉండేలా, మేత లేకుండా ఉంచితే వాసన చాలావరకు పోతుంది. కుంట నీళ్లు బాగుపడితే ఈ తిప్పలే ఉండవు.

చికెన్ వ్యర్థాల మాట ఇక ఎత్తొద్దు. పక్కాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. కానీ పేగులు, ఈకలు, చర్మం ఆ కుంటలో పడితే మీకు ఉన్న ఆక్సిజన్ కూడా మిగలదు. రోగ క్రిములు, కోళ్లకు వాడిన మందుల అవశేషాలు ఆ చేపలోకి, దాన్నుంచి మీ పిల్లల కంచంలోకి వస్తాయి. అలా వ్యర్థాలు తిని బతికేది ఎక్కువగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. బొచ్చె, రవ్వలకు అవసరమైన తిండి అది కానే కాదు.

వచ్చే ఆగస్టు, సెప్టెంబరుల్లో పిల్లల్ని వేసేటప్పుడు ఐదు వందలతో ఆగండి. నాలుగంగుళాల పైన ఉన్న పిల్లల్నే తీసుకోండి, చిన్నవాటిని కొంగలే తినేస్తాయి. బంగారు తీగను తగ్గించుకోండి. వదిలేముందు సంచిని అలాగే పావు గంట నీళ్ల మీద తేలనిచ్చి, కుంట నీళ్లను కొద్దికొద్దిగా సంచిలోకి పోసి, తర్వాత వదలాలి. నీటి పరీక్ష కావాలంటే రంగారెడ్డి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. పథకాల వివరాలకు జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డులో అడగండి, పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే 235వ పిల్లర్ దగ్గర చేప ఆకారంలో కనిపించే భవనం దానిదే. 

కొర్రమీను గురించి అడిగారు. మన రాష్ట్ర చేప, రుచిలో దానికి సాటి లేదు, ధర కూడా బాగా పలుకుతుంది. అయితే అది వేటాడి తినే చేప. దీన్ని ఈ కుంటలో వదిలితే మీరు వచ్చే ఏడాది వేసే బొచ్చె, రవ్వ పిల్లలే దానికి మేత అవుతాయి. గాలి పీల్చి బతకగలదు కాబట్టి ఈ నీళ్లలో మిగతావి చచ్చినా అది చావదు, వానపడిన రాత్రి గట్టు దాటి పాక్కుంటూ పోగలదు కూడా. దాన్ని పెంచాలంటే వేరే చిన్న కుంట, చుట్టూ వల, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ప్రత్యేకమైన మేత కావాలి. ముందు ఈ కుంటను ఒక ఏడాది నిలకడగా నడపండి. పెద్దాయనకు కొలత డబ్బా, వేళ అలవాటైతే, అప్పుడు కొర్రమీనుకు వేరే గుంట తవ్వే సంగతి ఆలోచించవచ్చు.